పాలవ్వ ఎనుము, మన కాలేజీ తెర

మన కాలేజీకి ప్రహరీ గోడ లేని కాలంలో చదువుకున్నదాన్ని నేను. 1993లో బీఏలో చేరాను. శ్రీకాళహస్తి నుంచి వచ్చే బస్సు దిగి, ఎండిన స్వర్ణముఖి ఇసుకలో అడ్డంపడి నడిచి గట్టెక్కితే ముందు కానుగ చెట్లు, వాటి కింద పడుకుని నెమరేసే ఎనుములు కనిపించేవి. కాలేజీ కనిపించేది ఆ తర్వాతే. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. తొలిరోజు నాతో వచ్చిన మా అమ్మ ఆ పశువుల్ని చూసి, "మనూరి మాదిరే ఉండాది, ఏం బయం లేదులే మే" అని చెప్పి వెనక్కి పోయింది. ఆ మాటతోనే నా టెన్షన్ సగం తగ్గింది.

గదులు ఆరు. రెండింటికి రేకులు, మిగతావాటికి పెంకులు. నోటీసులు మైదాపిండి జిగురుతో గోడకు అంటిస్తే మేకలు చింపి తినేసేవి. అందుకని ఫీజు గడువు లాంటి ముఖ్యమైన సంగతులు తలుపు పైన, మేకకు అందని ఎత్తులో అంటించేవాళ్ళు. ఎండాకాలం వస్తే ఊళ్ళో ధర్మరాజుల గుడి దగ్గర భారతం. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. ఆ రోజుల్లో మొదటి పీరియడ్‌కి సగం మంది కళ్ళు మూతలు పడుతుండేవి. మా తెలుగు సారు కోప్పడేవారు కాదు. "రాత్రి ఏ పద్యానికి వన్స్ మోర్ కొట్టారు?" అని అడిగి, ఆ పద్యంతోనే పాఠం మొదలుపెట్టేవారు. ఛందస్సు నాకు అలాగే వచ్చింది.

ఇంతకీ నేను రాయాలనుకున్నది తెర గురించి. వార్షికోత్సవాల ఫోటోల్లో వేదిక వెనక ఏనుగు, పాము, సాలెపురుగు ఉన్న పెద్ద గుడ్డను మీరంతా చూసే ఉంటారు. అది ఎలా తయారయిందో తెలిసిన వాళ్ళు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు.

నేను సెకండియర్‌లో ఉండగా, తిరుపతి నుంచి తెర అద్దెకు తెచ్చే డబ్బు లేక, మనమే వేసుకుందాం అన్నారు తెలుగు సారు. కాళహస్తిని ఆనుకుని ఉన్నాం, కలంకారీ మన చేతిలో పని అన్నది ఆయన ధీమా. ఆయన చెప్పిందే నిజం కూడా. కనుమరుగయ్యే దశలో ఉన్న ఆ పని, చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో 1950ల చివర్లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చాకే మళ్ళీ నిలబడింది. ఆ పని నేర్చిన ఒక అన్న పక్క ఊళ్ళోనే ఉండేవాడు. రోజూ సాయంత్రం సైకిలు మీద వచ్చేవాడు. ఒక్క రూపాయి తీసుకోలేదు.

కథ ఏదన్న చర్చే రాలేదు. సాలెపురుగు శ్రీ, పాము కాళము, ఏనుగు హస్తి. మూడూ కలిస్తేనే శ్రీకాళహస్తి. పాము తెచ్చి పెట్టిన మణుల్ని ఏనుగు నీళ్ళతో తోసేసి మారేడు దళాలు పెట్టడం, పాము కోపంతో తొండంలో దూరడం, చివరికి రెండూ శివుడి ముందే ప్రాణాలు విడవడం. ఒక మూల కన్నప్ప, ఇంకో మూల కాళహస్తి గుడికి కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం. అడుగున పద్యాల బదులు మా మాటల్లో మేమే రాశాం.

నల్లరంగుకు కసిమి కావాలి. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, తాటిబెల్లం కుండలో వేసి నీళ్ళు పోసి రెండు మూడు వారాలు పులియబెట్టాలి. మా క్లాసులో ఒకబ్బాయి వాళ్ళ నాయన సంతలో ఎద్దులకు లాడాలు కొట్టేవాడు. అరిగిపోయిన పాత లాడాలు ఒక గోతాం నిండా తెచ్చాడు. మన తెర మీదున్న నలుపంతా ఆ ఎద్దుల కాళ్ళ కింద అరిగిన ఇనుమే.

మొదటిసారి చెడిపోయింది. కలంకారీ గుడ్డను ముందు కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టాలి. కరక్కాయ వగరు తగిలితేనే కసిమి నల్లబడుతుంది. పాలలోని వెన్న అది పాకకుండా పట్టి ఉంచుతుంది. ఎనుము పాలే కావాలి, చిక్కగా ఉండాలి అని అన్న గట్టిగా చెప్పాడు. మేము చవకగా వస్తాయని ఒక టీ అంగట్లో పాలు కొన్నాం. నీళ్ళు కలిసిన పాలని కలం గుడ్డకు తగిలాకే తెలిసింది. నేను గీసిన ఏనుగు తొండం గీత నా కళ్ళముందే మబ్బులా పాకిపోయింది. మూడు రోజుల పని. ఏడుపు ఆగలేదు నాకు.

కానుగ చెట్ల కింద ఎనుమును మేపుకునే పాలవ్వ వచ్చి, "ఎందుకు మే ఏడస్తావ్" అంది. చెప్పాను. ఆమె గుడ్డ దగ్గర కూర్చుని చాలాసేపు చూసింది. మర్నాడు పొద్దున్నే సత్తు చెంబు నిండా పాలు తెచ్చింది, ఇంకా వెచ్చగా, నురగతో. ఆ పూట డిపోకు పోయడం మానేసింది. ఆమెకు ఆ ఒక్క ఎనుమే ఆధారం. డబ్బులిస్తామంటే, "ఏనుగు బొమ్మకు పాలిచ్చినానని మా ఎనుము చెప్పుకుంటాదిలే" అంది. దానికి పేరు లేదు. "మే" అని ఆమె పిలిస్తే వచ్చేది, నన్ను పిలిచినట్టే.

ఆ తర్వాత కలం పాకలేదు. వెదురు పుల్లకు కొంచెం పైన గుడ్డ పీలిక చుట్టి దారంతో బిగించి కసిమిలో ముంచుతాం. వేళ్ళతో మెల్లగా నొక్కితే చుక్క కిందికి దిగుతుంది. దిగేటప్పుడు అది టీ నీళ్ళ రంగులో ఉంటుంది. గుడ్డకు తగిలిన క్షణంలో నల్లబడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు జలదరించేది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, ఆ ఏడు బాగా వానలు పడి పారుతున్న స్వర్ణముఖిలో జాడించి, చెట్ల వేళ్ళూ చెక్కా వేసిన కాగులో ఉడకబెట్టాం. పేడ నీళ్ళలో నానేసి ఇసుక మీద ఎండబెడితే రంగు లేని చోట గుడ్డ తెల్లబడింది. పసుపు, నీలం వేసే ముందు మళ్ళీ పాలు కావాలి. మళ్ళీ పాలవ్వే. రెండు నెలల్లో ఎన్ని చెంబులు తెచ్చిందో మేమెవరమూ లెక్క రాసుకోలేదు. రాసుకోవాల్సింది.

ఆ ఏడాది కనుమకు, తెర పనిలో ఉన్న మేము పన్నెండుమందీ పాలవ్వ కొట్టం దగ్గరే ఉన్నాం. పొద్దున్నే ఆమె రకరకాల చెక్కలు, ఆకులు ఉప్పుతో దంచి ముద్ద చేసి ఎనుము నోట్లో కుక్కింది. ఉప్పు చెక్క అంటారు దాన్ని. కొమ్ములకు మేము మిగిలిన రంగులు పూశాం. సాయంత్రం పశువుల దేవుడు కాటమరాజు దగ్గర చిట్లాకుప్ప, అంటే ఎండు కంపల కుప్ప, అంటించినప్పుడు ఊరి పశువులన్నిటితో పాటు అదీ పరుగు తీసింది, కొమ్ముల మీద కలంకారీ ఎరుపుతో.

2010 మే 26న గాలిగోపురం కూలిపోయింది. టీవీలో ఆ మట్టిదిబ్బను చూస్తూ నేను ముందు తలుచుకున్నది మన తెర మూలనున్న గోపురాన్నే. తర్వాత కొత్తది కట్టారు, చక్కగా ఉంది. కానీ పాతదాన్ని ఎదురుగా కూర్చుని అంతస్తు అంతస్తూ లెక్కపెట్టి గీసిన గుడ్డ మన దగ్గరుంది.

పోయిన సంవత్సరం వచ్చినప్పుడు చూశాను. ప్రహరీ గోడ వచ్చింది, ఇనుప గేటు వచ్చింది. కానుగ చెట్లు గోడకు అవతల పడ్డాయి. పిల్లల క్షేమం కోసం గోడ కావాలి, కాదనను. తెర మాత్రం ఆఫీసు గదిలో బీరువా పై అరలో మడతపెట్టి ఉంది. మడతల దగ్గర గుడ్డ చీలుతోంది. వార్షికోత్సవానికి ఇప్పుడు ఫ్లెక్సీ కడుతున్నారు.

ఈ సంచిక చదివే వాళ్ళందరినీ, ముఖ్యంగా మన పాత విద్యార్థుల కమిటీ వాళ్ళను నేను అడిగేది ఇదే. జనవరిలో మనం కలిసే రోజున ఆ తెరను బయటికి తీయండి. మడతలు విప్పి, చుట్టగా చుట్టి దాచే ఏర్పాటు చేద్దాం. ఆ రోజు గేటు తెరిచి ఊరినంతా పిలవండి. ఇప్పుడు చదువుతున్న పిల్లలు పక్కన ఇంకో గుడ్డ మొదలుపెడితే బాగుంటుంది. అన్నకు వయసయింది, కానీ వస్తానన్నాడు, కలం చేత్తో పట్టుకుని చూపిస్తానన్నాడు. కరక్కాయలు నేను తెస్తాను. పాలవ్వ పోయి పదేళ్ళయింది. ఆమె మనవరాలి కొట్టంలో రెండు ఎనుములున్నాయి. పాల సంగతి ఆమెతో ఇప్పటికే మాట్లాడాను. ఈసారి డబ్బులిచ్చి తీసుకుందాం, చెంబుల లెక్క నేను రాస్తాను.