టైటిల్స్‌లోంచి తీసేసిన పేరు

విజయనగరంలో గంటస్తంభం దగ్గరున్న మా ఎడిటింగ్ గదికి షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు వస్తుంటారు. కథ, కెమెరా దగ్గర లేని గొడవ టైటిల్స్ దగ్గర మొదలవుతుంది. "డబ్బులు ఇవ్వకపోయినా పర్లేదన్నా, పేరు మాత్రం వెయ్యండి" అంటాడు బూమ్ మైకు పట్టుకున్న పిల్లాడు. న్యాయమే కదా. ఎండలో నిలబడి పనిచేశాడు మరి.

అందుకేనేమో, బేలా బలాజ్ సంగతి చదివిన దగ్గర్నుంచి నాకు కోపం చల్లారట్లేదు.

బలాజ్ హంగేరీ యూదుడు, రచయిత. సినిమా అనే కళ గురించి 1924లోనే పుస్తకం రాసినవాడు. 1932లో జర్మనీలో విడుదలైన 'నీలి వెలుగు' సినిమాకి, దాని దర్శకురాలు లెనీ రీఫెన్‌స్టాల్‌తో కలిసి స్క్రిప్టు రాశాడు. డబ్బు తర్వాత తీసుకుంటానని ఒప్పుకున్నాడు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. మాస్కోలో ఉన్న బలాజ్ తన బాకీ అడిగాడు. అదే ఏడాది డిసెంబరులో రీఫెన్‌స్టాల్ బెర్లిన్ కైజర్‌హోఫ్ హోటల్ కాగితం మీద నాలుగు ముక్కలు రాసింది: "యూదుడైన బేలా బలాజ్" తన మీద పెట్టిన క్లెయిముల విషయం యూలియస్ స్ట్రైషర్‌కి అప్పగిస్తున్నానని. స్ట్రైషర్ అంటే యూదుల మీద విషం చిమ్మడానికే పత్రిక నడిపినవాడు. పక్కన కూర్చుని స్క్రిప్టు రాసినవాడిని అలాంటి మనిషికి అప్పగించడానికి చెయ్యి ఎలా వచ్చింది? 1938లో సినిమా మళ్లీ విడుదలైనప్పుడు టైటిల్స్‌లో బలాజ్ పేరు లేదు. నిర్మాత హ్యారీ సోకల్ పేరు కూడా లేదు.

ఆ కైజర్‌హోఫ్‌లోనే 1933 మార్చి 28న హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ సినిమావాళ్లని కూర్చోబెట్టి ప్రసంగించాడు. మర్నాడే దేశంలోకెల్లా పెద్ద సినిమా కంపెనీ ఊఫా బోర్డు సమావేశమై, యూదు ఉద్యోగుల్ని తీసెయ్యాలని తీర్మానించింది. అప్పటికి సినిమా కంపెనీలు అలా చెయ్యాలని చట్టమేదీ లేదు. యూదుల్ని పరిశ్రమ నుంచి గెంటేసిన ఫిల్మ్ ఛాంబర్ అనే నాజీ ప్రభుత్వ సంస్థ జూలైలో గానీ రాలేదు. ఎవరూ బలవంతం చెయ్యకముందే సంతకాలు పెట్టేశారు. నాకు అన్నిటికంటే అసహ్యం కలిగించేది ఈ తొందరే. 'మెట్రోపొలిస్' తీసిన నిర్మాత ఎరిక్ పోమ్మర్‌ని కూడా అలాగే వదిలేసుకున్నారు. ఆయన పారిస్ మీదుగా హాలీవుడ్ చేరాడు. యుద్ధం అయ్యాక 1946లో అమెరికన్ సైన్యం తరఫున సినిమా అధికారిగా జర్మనీకి తిరిగొచ్చాడు.

కుర్ట్ గెరాన్‌కి ఆ అదృష్టం లేదు. 'బ్లూ ఏంజెల్'లో మెజీషియన్‌గా నటించినవాడు, దర్శకుడు కూడా. ఆ వసంతంలోనే, తన సినిమా షూటింగ్ జరుగుతుండగా సెట్ వదిలి పొమ్మన్నారు. పారిస్ వెళ్లాడు, తర్వాత నెదర్లాండ్స్. నాజీలు అక్కడికీ వచ్చారు. చివరికి థెరీజియెన్‌స్టాట్ క్యాంపులో ఖైదీగా ఉన్నప్పుడు, 1944లో, అక్కడ యూదులు హాయిగా ఉన్నారని చూపించే ప్రచార చిత్రాన్ని ఆయన చేతే తీయించారు. పదకొండేళ్ల ముందు జర్మన్ సెట్ మీద ఉండకూడదన్న మనిషికే మళ్లీ దర్శకత్వం పని చెప్పారు! ఆ ఫిల్ముని ఎడిట్ చేసుకోనివ్వలేదు. అక్టోబరులో ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపి చంపేశారు. మిగతా పని వేరేవాళ్లు 1945లో పూర్తి చేశారు.