చల్క చేనుకు సత్తువ, రెజ్యూమెలో ఎన్‌రిచ్

పాలమూరులో మా ఇంటి ముందుగదిలో సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతాను. జడ్చర్ల, దేవరకద్ర నుంచి కూడా డిగ్రీ పిల్లలు బస్సెక్కి వస్తారు, పాఠం అయ్యాక రెజ్యూమెలు దిద్దమని ముందు పెడతారు. దాదాపు అందరిదీ మొదటి వాక్యం ఒకటే: మంచి కంపెనీలో చేరి నా నాలెడ్జిని ఎన్‌రిచ్ చేసుకోవాలని ఉంది. మొన్న ఒకణ్ణి అడిగాను, ఎన్‌రిచ్ అంటే ఏంట్రా అని. "ధనవంతుణ్ణి చేసుడు సార్" అన్నాడు. మరి నాలెడ్జిని ధనవంతుణ్ణి ఎట్ల చేస్తవ్ అంటే నవ్వి తల గోక్కున్నాడు. (జీతమిచ్చి నీ నాలెడ్జి పెంచడం కంపెనీవాడికేం అవసరం అని కూడా అడగాలనుకున్నా, పాపం అనిపించి ఊరుకున్నా.)

వాడిదేం తప్పు లేదు. డిక్షనరీ తీస్తే సంపన్నం చేయు, సుసంపన్నం చేయు అని ఉంటుంది. సుసంపన్నం అనే మాట సన్మానసభల్లో శాలువా కప్పేటప్పుడు తప్ప మన ఇళ్లల్లో ఎవరైనా అంటారా?

అలాగని ఆ పని మనకు తెలియనిది కాదు. మాది చల్క భూమి, నీళ్లు పోసినా నిలవవు. పంట తీశాక ఎండాకాలంలో మా అమ్మ గొల్లవాళ్లతో మాట్లాడి చేన్లో మంద పెట్టించేది. రాత్రంతా గొర్రెలు అక్కడే పడుకుంటాయి, పెంట, మూత్రం అన్నీ చేన్లోనే, తెల్లారి మంద లేచిపోతుంది. "రొండు రాత్రులు మంద వెడితే చేనుకు సత్తువొస్తది" అనేది. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల్లో పూడిక తీస్తున్నప్పుడు ట్రాక్టర్లతో ఆ నల్లమట్టి తోలించాం, దాంతో చేన్లో తడి నిలవడం మొదలైంది. ఇంగ్లీషువాళ్లు ఎన్‌రిచ్ ద సాయిల్ అనేది సరిగ్గా దీన్నే. కొత్త భూమి కొనలేదు, ఉన్న చేన్లోకే ఏదో చేరి దాని సారం పెరిగింది. ఎన్‌రిచ్‌కి సత్తువ పట్టించడం కన్నా దగ్గరి తెలుగు నాకు దొరకలేదు. కానీ నాలెడ్జికి సత్తువ అనం, పదును పెట్టుకోవడం అంటాం. భాషకైతే మాటలు చేరాయంటాం. ఒక్కోదానికి ఒక్కో మాట, అందుకే అనువాదంలో సుసంపన్నం దగ్గరే ఆగిపోతాం.

దీని పక్కన తిరిగే మాటలు వేరు. ఇంప్రూవ్ అంటే తక్కువగా ఉన్నది బాగవడం. ఎన్‌హాన్స్ అంటే ఉన్నది ఇంకా ఎత్తి కనబడటం, సెల్‌ఫోన్ ఫోటోకి మీరు చేసేది అదే. సప్లిమెంట్ పక్కనుంచి జోడించేది, అన్నం తిని తర్వాత టానిక్ తాగినట్టు. ఫోర్టిఫై మాత్రం మన రేషన్ షాపులోకే వచ్చేసింది. బియ్యప్పిండికి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లా తయారుచేసి, 100 కిలోల బియ్యానికి 1 కిలో చొప్పున కలుపుతూ వచ్చారు. ఊళ్లల్లో అవి చూసి ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో అయితే ఆడించడంలో పోయిన విటమిన్లు తిరిగి వేస్తే ఎన్‌రిచ్డ్ పిండి అంటారు, అసలు లేనివి చేరిస్తే ఫోర్టిఫైడ్.

ఇంకో సంగతి, ఎన్‌రిచ్ దానంతట అది జరగదు. మై నాలెడ్జ్ ఎన్‌రిచ్డ్ అని రాస్తే ఎవరు చేశారు, దేన్ని చేశారు అని వాక్యం వెతుక్కుంటుంది. ఎన్‌రిచ్డ్ తర్వాత ఐరన్ కలిపితే విత్ వస్తుంది, అనుభవం వల్ల అయితే బై. ఎన్‌రిచ్డ్ హిమ్‌సెల్ఫ్ అంటే మాత్రం వెంటనే అనుమానించండి, పదవిలో ఉండి జేబులు నింపుకున్నాడని అర్థం. మన దగ్గర "మంచిగనే వెనకేసుకున్నడు" అని కన్నుకొట్టి చెప్పేది అదే.

యురేనియం దగ్గర మన పేపర్లు చేసే పని నాకు అస్సలు నచ్చదు. ఎన్‌రిచ్‌మెంట్‌ని శుద్ధి అని రాస్తారు. శుద్ధి అంటే మురికి తీయడం కదా! సహజ యురేనియంలో 235 రకం 0.7 శాతమే ఉంటుంది, దాని వాటా పెంచడమే ఎన్‌రిచ్. చాలా విద్యుత్ రియాక్టర్లకు 3 నుంచి 5 శాతం దాకా పెంచుతారు. అమ్రాబాద్ దిక్కు 2019లో జనం యురేనియం వద్దని రోడ్డెక్కారు గానీ, అక్కడి గొడవ తవ్వకం గురించి, ఇది ఆ తర్వాత ఎక్కడో జరిగే పని.

అంటే ఈ మాటకు మంచీ చెడ్డా పట్టదు, లోపల ఏదో ఒకటి ఎక్కువైతే చాలు. నాకిది ఆలస్యంగా అర్థమైంది. మా మేనత్తది మునుగోడు దిక్కు. ఎన్నో ఏండ్లు బోరునీళ్లే తాగింది, నలభై దాటేసరికి నడుము వంగింది, పళ్ల మీద పసుపు చారలు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్, అక్కడి గ్రానైట్ రాళ్లలోంచి కరిగి నీళ్లలోకి ఎన్నో రెట్లు చేరేది. ఈ మధ్య నల్గొండ నీళ్ల మీద ఒక ఇంగ్లీషు వ్యాసం చదువుతుంటే ఫ్లోరైడ్ ఎన్‌రిచ్డ్ గ్రౌండ్‌వాటర్ అని కనబడింది. వ్యాకరణం సరిగ్గానే ఉంది, విత్ కూడా అక్కర్లేదు. మా అత్త మాత్రం వాటిని ఫ్లోరిన్ నీళ్లు అనేది, బిందె దించుతూ.