చెయ్యి చాపు ఒకటే, పట్టే స్వరాలే వేరు

అమలాపురం, కాకినాడ వైపు వయొలిన్ వచ్చినవాళ్ళకి చెల్లో (వయొలిన్ జాతిదే, కూర్చుని నిలువుగా పట్టుకుని వాయించే పెద్ద వాద్యం) వేళ్ళు తొందరగానే కుదురుతాయి. తికమకంతా ఇంకా పెద్దదీ, మంద్రంగా పలికేదీ అయిన డబుల్ బేస్ దగ్గరే.

చెల్లో తీగ నాదం పలికే పొడవు సుమారు 69 సెంటీమీటర్లు, బేస్‌ది 105. చెల్లో ఫస్ట్ పొజిషన్‌లో (చెయ్యి మెడ మీద మొదట కుదురుకునే చోటు) ఖాళీ తీగ, అంటే 0, స అనుకుంటే, చూపుడు వేలు 1గా లెక్కపెట్టి: 1 చతుశ్రుతి రి, 2 సాధారణ గ, 3 అంతర గ, 4 శుద్ధ మ. ఒకటో వేలి నుంచి నాలుగో వేలికి దాదాపు 10 సెంటీమీటర్లు. బేస్ మీద అదే 10లో రి నుంచి అంతర గ వరకే వస్తుంది. అందుకే 1-2-4: మూడోది విడిగా పనిచెయ్యదు, నాలుగోదానికి పక్కన ఆసరా. చెక్ బేసిస్ట్ ఫ్రాంజ్ సిమాండ్ల్ (1840–1912) పద్ధతి ఇదే. ఇటాలియన్ల 1-3-4 కూడా ఉంది. కొత్తవాళ్ళకి నేనైతే చెప్పను.

మరి మ ఎక్కడ? పక్క ఖాళీ తీగ. చెల్లో తీగలు స-ప, బేస్ తీగలు స-మ వరసలో కట్టడం చేతికి ఇలా కలిసొచ్చింది.

శంకరాభరణం రాగం చూడండి. చెల్లోలో 0-1-3-4, పక్క తీగ మీద మళ్ళీ 0-1-3-4, చెయ్యి కదలదు. బేస్‌లో 0-1-4, 0-1-4 దాకా బాగానే ఉంటుంది. మూడో తీగ ఖాళీగా మోగితే ఈ రాగానికి కావలసిన కాకలి ని కాదు, దానికి అరస్వరం కిందున్న కైశికి ని! కాకలి కావాలంటే చెయ్యి హాఫ్ పొజిషన్‌కి, అంటే అరస్వరం వెనక్కి రావాలి: 1 ని, 2 స. ఇబ్బంది వద్దంటే అన్నిటికన్నా మంద్రమైన ఇ తీగ మీద రెండో వేలితో పలికే జి స్వరాన్ని స చేసుకోండి: 2, 0-1-2, 0-1-4, 0 (కామా దగ్గర తీగ మారుతుంది). ఎక్కడా జరపక్కర్లేదు.

కల్యాణికి చెల్లోవాళ్ళకీ పని పడుతుంది. ప్రతి మధ్యమం (శుద్ధ మ కంటే అరస్వరం పైది) అందాలంటే 1 కదలకుండా 2 అంతర గ మీదికి సాగాలి, బొటనవేలు కూడా దాంతోనే రావాలి. బొటనవేలు వెనకే ఉండిపోతే నాలుగో వేలు శ్రుతి తగ్గుతుంది.

చెల్లో అలవాటుతో బేస్ మీద అంతర గకి మూడో వేలు వేస్తే స్వరం కిందికి పోతుంది. నాలుగో వేలిని ఒంటరిగా నొక్కినా ఎక్కువసేపు నిలవదు, చిటికెన వేలు లాగేస్తుంది. బొటనవేలితో మెడని పిసకొద్దు. చేతి బరువు తీగ మీద వదలండి. మన దగ్గర వానాకాలపు చెమటకి బొటనవేలు మెడకి అతుక్కుని జరపడం ఆలస్యమవుతుంది, నూలుగుడ్డ దగ్గరుంచుకోండి.

పై స్థాయి స దగ్గరికొచ్చేసరికి బేస్ మీద అరస్వరం దూరం 3 సెంటీమీటర్లే. అక్కడ మూడో వేలు మళ్ళీ పనిలోకి వస్తుంది.