కిల్ట్ వేసుకుని ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ దాటడం: నా అనుభవం

కిల్ట్, అంటే స్కాట్లండ్ మగవాళ్ళు నడుముకి చుట్టుకునే మోకాళ్ళ దాకా ఉండే గళ్ళ బట్ట, వేసుకుని విమానం ఎక్కనిస్తారా అని స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఉన్న మన తెలుగు కుర్రాళ్ళు అప్పుడప్పుడు అడుగుతుంటారు. ఎక్కనిస్తారు, ఏ రూలూ అడ్డం రాదు. కానీ మొన్న తిరుగు ప్రయాణంలో నాకు జరిగింది తలుచుకుంటే ఇంకా కడుపు మండుతోంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

మా టీమ్‌లో స్కాటిష్ మిత్రుడి పెళ్ళి. అమ్మాయి వాళ్ళది ఇంగ్లండ్‌లో దక్షిణాన ఒక ఊరు. తన తరఫున వచ్చే మగవాళ్ళందరూ కిల్ట్‌లో రావాలని వాడి కోరిక. నాది అద్దెది కాదు, సొంతంగా కుట్టించుకున్నది. బ్లాక్ వాచ్ అనే టార్టన్ (స్కాటిష్ గళ్ళ డిజైన్), ముదురు నీలం, ఆకుపచ్చ గళ్ళు. ఎనిమిది గజాల ఉన్ని, వెనకంతా కుచ్చిళ్ళు పెట్టి కుట్టేసి ఉంటుంది. బరువు రెండు కిలోలు దాటుతుంది. క్యాబిన్ బ్యాగులో కుక్కితే కుచ్చిళ్ళు నలిగిపోతాయి. విమానం దిగి నేరుగా పెళ్ళికి వెళ్ళాలి, మళ్ళీ ఇస్త్రీ ఎక్కడ చేయిస్తాం? అందుకే వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు కూడా ఒంటిమీదే ఉంచుకున్నాను.

ముందు కత్తి సంగతి. కుడికాలి సాక్స్ అంచులో దోపుకునే చిన్న కత్తిని స్కియన్ డూ అంటారు. అది క్యాబిన్‌లోకి రాదు, చెకిన్ బ్యాగులో వేయాల్సిందే. అద్దె షాపులు కొన్ని బ్లేడు లేకుండా ఉత్త పిడి ఇస్తాయి. దాన్ని చూసినా సెక్యూరిటీ వాళ్ళు ఆపి ఆరా తీస్తారు. నాకు చెకిన్ బ్యాగు లేదు కాబట్టి కారులో వెళ్తున్న మిత్రుడికి ఇచ్చేశాను.

గ్లాస్గోలో ఇబ్బందేమీ లేదు. నడుముకి వేలాడే తోలుసంచి, అంటే స్పోరన్, దాని గొలుసు, బెల్టు ట్రేలో పెట్టాను, స్కానర్‌లో నిలబడ్డాను, వెళ్ళమన్నారు.

అసలు గొడవంతా వచ్చేటప్పుడు. ఎయిర్‌పోర్ట్ పేరు రాయను. ఆదివారం సాయంత్రం, పెద్ద క్యూ. స్కానర్ నుంచి బయటికి రాగానే తెరమీద మనిషి బొమ్మకి నడుము రెండు వైపులా, వెనక పిరుదుల దగ్గర పసుపు గళ్ళు వెలిగాయి. ఇందులో వింతేమీ లేదు. కిల్ట్‌కి కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి తోలు పట్టీలు, వాటికి లోహపు బకిల్స్ ఉంటాయి. వెనక కుచ్చిళ్ళు పొరమీద పొర పడి మందంగా ఉంటాయి. చేత్తో ఒకసారి తడిమి చూస్తే అయిపోయే పని.

అక్కడున్న కుర్రాడు తడమలేదు. "లోపల ఏమైనా వేసుకున్నారా, లేదా?" అని అందరికీ వినిపించేలా అడిగి, ట్రేల దగ్గరున్న అమ్మాయి వైపు చూసి నవ్వాడు. నా వెనక పిల్లలతో ఒక కుటుంబం ఉంది. వాళ్ళూ నవ్వారు. ఎవరో ఫోన్ పైకెత్తారు. "మీ తనిఖీకి అది అవసరమా?" అని మాత్రం అడిగాను. దాంతో అతని మొహం మారిపోయింది. "అయితే అది విప్పి ట్రేలో పెట్టండి. కోటు విప్పమంటే విప్పుతారుగా, ఇదీ పైన వేసుకున్నదే" అన్నాడు.

ప్యాంటు వేసుకున్న మనిషిని అలా అడగగలడా? శంషాబాద్‌లో పంచెకట్టుతో వచ్చే పెద్దాయనల్ని ఎన్నిసార్లు చూశానో. చేతులు చాపమంటారు, డిటెక్టర్ తిప్పుతారు, పంపేస్తారు. లోపలేముందని నలుగురిలో ఎవరూ అడగరు. ఈ బట్ట కోసం స్కాట్లండ్ వాళ్ళు పడ్డ కష్టం తక్కువది కాదు. స్కాట్లండ్‌ హైలాండ్స్ వాళ్ళ తిరుగుబాటుని బ్రిటిష్ సైన్యం అణిచేసిన కల్లోడెన్ యుద్ధం తర్వాత 1746లో చట్టం చేసి కిల్ట్‌ని నిషేధించారు. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారి అయితే ఏడేళ్ళు దేశం దాటించేవాళ్ళు. ఆ చట్టం 1782లో గానీ పోలేదు. అలాంటి బట్టని పట్టుకుని వెకిలిగా మాట్లాడితే ఊరుకోకూడదు.

నేను విప్పనన్నాను. విడిగా గదిలో, మగ సిబ్బందితో తనిఖీ చేయించమన్నాను. బ్రిటన్‌లో ఏ ప్రయాణికుడైనా అలా అడగొచ్చు, ఇది గుర్తుపెట్టుకోండి. సూపర్‌వైజర్ వచ్చేదాకా ఉత్త సాక్స్‌తో ఓ పక్కన నిలబెట్టారు. నా స్పోరన్, అందులో పర్సు, ఫోన్, అన్నీ కన్వేయర్ బెల్టు చివర ట్రేలో ఎవరి కాపలా లేకుండా పడి ఉన్నాయి. అవమానం కంటే ఆ టెన్షన్ ఎక్కువైంది. మీకూ ఇలా జరిగితే ట్రే మీ కళ్ళముందు పెట్టమని ముందే గట్టిగా అడగండి.

గదిలోకి వచ్చిన ఇద్దరిలో పెద్దాయన మర్యాదస్తుడు. ప్రతి పనికీ ముందు చెప్పి చేశాడు. గ్లవ్స్ వేసుకుని ఒక్కో కుచ్చిలి అంచునీ వేళ్ళతో విడదీసి చూశాడు, బకిల్స్ నొక్కి చూశాడు, చిన్న గుడ్డముక్కతో నడుము పట్టీ తుడిచి పేలుడు పదార్థాల మిషన్‌లో పెట్టాడు. ఏమీ రాలేదు. "చేత్తో కుట్టిందేనా ఇది?" అని అడిగాడు. అవునన్నాను. ఆ కుట్టు చూసి గుర్తుపట్టాడంటే సంతోషమేసింది. మొత్తం చూసినా రెండు మూడు నిమిషాలే పట్టింది. ఆ కుర్రాడు బయటే ఈ పని చేసుండొచ్చు.

ఇంకో రెండు మాటలు. కిల్ట్ పిన్ తీసి ముందే ట్రేలో పెట్టండి, అది పై పొరకి పెట్టే అలంకారమే, తీసినంత మాత్రాన బట్ట ఊడిపోదు. లోపలేమీ వేసుకోకపోవడమే సంప్రదాయం అనేవాళ్ళతో నాకు పేచీ లేదు, విమానం ఎక్కే రోజు మాత్రం షార్ట్స్ వేసుకోండి. గొడవ జరిగితే లేన్ నంబరు, టైము అక్కడికక్కడే రాసిపెట్టుకోండి. నా ఫిర్యాదులో రెండూ రాశాను. ఆ పెద్దాయన మర్యాదగా చేశాడని కూడా రాశాను. ఇంకా జవాబు రాలేదు. రాకపోతే పై అధికారుల దాకా తీసుకెళ్తాను.