ఎ-ఫ్లాట్ దారికొచ్చిందనుకుంటే జి పోయింది

జాజ్ బ్యాండ్‌లో నేను డబుల్ బాస్ వాయిస్తాను, నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది. నిన్న రాత్రి రెండో సెట్‌లో బాలడ్ (నెమ్మదైన పాట). టెంపో నిమిషానికి 58 బీట్లు. జి తీగను ఓపెన్‌గా మీటాను, రెండు బీట్లు నిలవాల్సిన నోటు (స్వరం). బుమ్మని పెద్దగా లేచింది, ఒక బీటు నిండేలోపే అణిగిపోయింది. పియానో అతను తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు, జూన్ నుంచి చూస్తూనే ఉన్నాను. కానీ అదంతా జి పక్కనే అర స్వరం పైనున్న ఎ-ఫ్లాట్ దగ్గర. జి ఎప్పుడూ నిక్షేపంలా పలికేది. బాస్ మీద ఆరు పది రూపాయల బిళ్ళలు అంటించి ఎ-ఫ్లాట్‌ని బాగుచేశానని వారం రోజులుగా సంబరపడుతున్నాను. ఆ రోగమే ఇప్పుడు పక్క నోటుకి పాకింది.

మొదటి నుంచి రాస్తాను. ప్లైవుడ్ కాకుండా చెక్కిన పలక ఉన్న బాస్‌ని బెంగళూరులో కొనాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే పనికొస్తుంది.

మార్చిలో కొన్నాను, ఊరు వదిలి వెళ్తున్న ఒకాయన దగ్గర, సెకండ్ హ్యాండ్. ముందు పలక చెక్కిన స్ప్రూస్ కలప, వెనకా పక్కలా ప్లైవుడ్. త్రీ ఫోర్త్ సైజు, తీగ పొడవు 106 సెం.మీ. ఆ రోజు గంటన్నర వాయించి చూశాను, ఏ నోటూ మొరాయించలేదు. జూన్‌లో వానలు మొదలైన పది రోజులకి, ఎఫ్ బ్లూస్‌లో వాకింగ్ (బీటుకో నోటు చొప్పున నడవడం) చేస్తుంటే జి తీగ మీద ఎ-ఫ్లాట్ దగ్గర చీకట్లో మెట్టు తప్పినట్టయింది. ముందు నా ఎడమ చెయ్యి సరిగా నొక్కలేదనుకున్నాను. మర్నాడూ అదే చోట, అంతే.

ఒక్క నోటే కదా అని ఆఫీసులో ఒకరన్నారు. జాజ్‌లో శాక్సోఫోన్, ట్రంపెట్ వాళ్ళకి అనువుగా ఎఫ్, బి-ఫ్లాట్, ఇ-ఫ్లాట్ కీలే ఎక్కువ. ఎఫ్ మైనర్ కార్డ్‌కి మూడో స్వరం, బి-ఫ్లాట్ సెవెన్‌కి ఏడో స్వరం, ఇ-ఫ్లాట్‌కి నాలుగో స్వరం, అన్నీ ఈ ఎ-ఫ్లాటే.  ఇక్కడ ప్రతి నాలుగు బార్లకీ ఎదురొస్తుంది. ఇ తీగ మీద ఒక ఆక్టేవ్ కింద వాయించుకోవచ్చు కదా అనే సలహా కూడా వచ్చింది. పైకి ఎక్కుతున్న లైన్‌ని మధ్యలో కిందకి పడేస్తే అది వేరే లైన్ అవుతుంది. వాయిద్యం కుదరక లైన్ మార్చుకోవడానికి నేను ఒప్పుకోను.

కొలతలు. ఫోన్‌ని బ్రిడ్జికి (పలక మీద తీగల్ని మోసే చెక్కకి) అర మీటరు దూరంలో పెట్టి, ఒక్కో నోటుని పదేసిసార్లు మీటి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చూశాను. శబ్దం 20 డెసిబెల్స్ తగ్గడానికి పట్టిన సమయం, సగటున: జి 3.1 సెకన్లు, ఎ-ఫ్లాట్ 0.9, ఎ 2.4. టెంపో 120లో ఒక బీటు అర సెకను. ఆ అర సెకనులో జి సుమారు 3 డెసిబెల్స్ తగ్గితే ఎ-ఫ్లాట్ 11 తగ్గుతోంది. బాలడ్‌లోనే కాదు, మామూలు వాకింగ్‌లో కూడా వినపడడానికి కారణం ఇదే. నోటు ఎక్కడ మొదలవుతుందన్నదే కాదు, తర్వాతి నోటు దాకా ఎంత నిండుగా సాగుతుందన్నది కూడా స్వింగ్‌లో (జాజ్ లయకుండే ఊపులో) భాగమే. జాజ్ బాసిస్ట్ పాల్ చేంబర్స్ వాయించిన ఏ రికార్డింగ్ విన్నా అది తెలిసిపోతుంది.

తీగ తప్పేమోనని అదే ఎ-ఫ్లాట్‌ని డి తీగ మీదా ఎ తీగ మీదా పట్టి చూశాను. 1.2, 1.4. అక్కడా నీరసమే, కాబట్టి తప్పు తీగది కాదు. అప్పుడు తీగలన్నిటికీ తువ్వాలు చుట్టి, బ్రిడ్జి పక్కన వేలి కణుపుతో పలకని తట్టి రికార్డు చేశాను. స్పెక్ట్రమ్‌లో (ఏ శ్రుతి ఎంత బలంగా ఉందో చూపే బొమ్మలో) 104 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక శిఖరం. ఎ-ఫ్లాట్ 103.8. బాస్ ఒంటికి సొంత శ్రుతులు ఉంటాయి. మీటిన నోటు వాటిలో ఒకదాని మీద సరిగ్గా పడితే తీగలో ఉన్న శక్తినంతా పలక ఒక్క గుక్కలో తాగేస్తుంది. అందుకే ముందు మామూలు కంటే గట్టిగా లేచి వెంటనే ఖాళీ. బో (కమాను) పెట్టి లాగితే అదే చోట గరగరమని వణుకుతుంది, వుల్ఫ్ అనేది దాన్నే.

ఇక చేసిన ప్రయత్నాలు. బ్రిడ్జికీ టెయిల్‌పీస్‌కీ (తీగల కింది కొనలు పట్టే ముక్కకీ) మధ్య తీగ మీద బిగించే ఇత్తడి గొట్టం, లోపల రబ్బరు, 35 గ్రాములు. ముందు జి మీద, తర్వాత ఇ మీద, బ్రిడ్జి నుంచి 40 మి.మీ. దగ్గర మొదలుపెట్టి 5 మి.మీ. చొప్పున జరుపుతూ వెళ్ళాను. ఇ మీద 65 దగ్గర బోతో వచ్చే గరగర పూర్తిగా పోయింది. మీటితే మాత్రం 0.9 కాస్తా 0.7 అయింది. ఆలోచిస్తే న్యాయమే, ఆ గొట్టం పని శక్తిని తినడం, నాకు కావలసింది శక్తి మిగలడం. బో వాయించేవాళ్ళకి చెప్పే చిట్కాని మీటేవాళ్ళకి కూడా చెప్పేస్తుంటారు, అది తప్పు.

యాంప్ దగ్గర ఈక్యూలో (ఒక్కో శ్రుతిని పెంచే, తగ్గించే మీటల్లో) 104ని 6 డెసిబెల్స్ కోశాను. మొదటి దెబ్బ తగ్గింది, తోక పెరగలేదు. కంప్రెసర్‌తో (పెద్ద శబ్దాన్ని తగ్గించి చిన్నదాన్ని పెంచే పరికరంతో) కాస్త సాగింది కానీ హాల్లో ఫీడ్‌బ్యాక్ కూడా అదే 104 దగ్గర మొదలైంది. నేను వాడే ఫిష్‌మన్ ఫుల్ సర్కిల్ మంచి పికప్పే (శబ్దాన్ని యాంప్‌కి పంపేది), బ్రిడ్జి అడ్జస్టర్‌లో కూర్చుని బ్రిడ్జి కదలికని ఉన్నదున్నట్టు పట్టిస్తుంది, రోగంతో సహా.

సౌండ్ పోస్ట్ (లోపల ముందు, వెనక పలకల మధ్య నిలబడే కర్ర) జరుపుదామని తొందరలో నాలుగు తీగలూ ఒకేసారి వదులు చేశాను. లోపల టక్కున పడిన చప్పుడు వినగానే గుండె ఆగినంత పనైంది. బళేపేటలో వయొలిన్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు, సొంతూరు మదనపల్లె వైపు. కారులో ముందు సీటు వాల్చి తీసుకెళ్ళాను.

“తీగలన్నీ ఒక్కసారే వదిలేసినావా బాబూ?”

“అవునండీ.”

“అది జిగురుతో అంటించేది కాదు గదా. తీగల బరువుకే నిలబడేది. ఒకటి తీసి ఒకటి పెట్టుకోవల్ల.”

వయొలిన్‌కి వాడే ఎస్ ఆకారపు పనిముట్టు దీనికి అందదు. ఇనుప చువ్వ ఒకటి వంచి, కొనకి సానపట్టి, దానికి పోస్ట్‌ని గుచ్చారు. ఎఫ్ హోల్‌లోంచి (పలకలో ఉన్న ఎఫ్ ఆకారపు కంతలోంచి) నా ఫోన్ టార్చి లోపలికి పట్టుకోమని, చాప మీద పక్కకి పడుకుని, ఒక కన్ను మూసి చూస్తూ, చిన్న సుత్తితో వెంట్రుకవాసి చొప్పున తట్టారు. రెండు గంటలు పట్టింది. ముందున్న చోటు నుంచి 3 మి.మీ. బయటికి పెట్టారు. ఎ తీగలో ఉన్న బొంగురు వదిలిపోయి ఎంత బాగుందో. ఎ-ఫ్లాట్ 0.9 నుంచి 1.0.

తర్వాత జి తీగ మార్చాను. స్పిరోకోర్ కంపెనీ రకంలో మిట్టెల్ (మధ్యస్థ బిగువు) తీసి వైఖ్ (తక్కువ బిగువు) వేశాను. బిగువు తగ్గితే పలకని అంతగా లాగదని లెక్క. 1.2 వచ్చింది. స్పిరోకోర్ మీద నాకు గౌరవం ఉంది, అంత పొడవైన నోటు ఇంకే తీగా ఇవ్వదు. కానీ మిగతా నోట్లన్నీ అంత పొడవుగా ఉండబట్టే ఈ ఒక్కటి బయటపడుతోందని నా అనుమానం. 1950ల దాకా జాజ్‌లో ఎక్కువమంది వాడినవి గట్ (జంతువుల పేగుతో చేసిన) తీగలు. అన్ని నోట్లూ పొట్టిగా ఉన్నచోట ఇంకో పొట్టి నోటు ఎవరికి కనిపిస్తుంది?

బిళ్ళల ఆలోచన జులై చివర్లో వచ్చింది. శిఖరాన్ని మాయం చేయలేను, కానీ బరువు పెడితే కిందకి జరుగుతుంది. జి 98, ఎ-ఫ్లాట్ 103.8, మధ్యలో 101. శిఖరం అక్కడ కూర్చుంటే ఏ నోటు మీదా సూటిగా పడదు. పది రూపాయల బిళ్ళ సుమారు 7.7 గ్రాములు, అన్నీ దాదాపు ఒకే బరువు, చేతిలో ఉన్నవే. వార్నిష్ పాడవకుండా బ్లూ ట్యాక్‌తో, బాస్ బార్ (పలక లోపల అంటించిన నిలువు కర్ర) వైపు బ్రిడ్జి కాలికీ ఎఫ్ హోల్‌కీ మధ్య అంటించాను. రెండు పెడితే 103, నాలుగుకి 102, ఆరుకి 101. ఆరు బిళ్ళలతో ఎ-ఫ్లాట్ 1.7 సెకన్లు! జి 3.1 నుంచి 2.0కి పడిపోయింది, అయినా రెండూ అన్నదమ్ముల్లా వినిపించాయి. మా డ్రమ్మర్ది నెల్లూరు, మాట దాచుకునే రకం కాదు. “ఇప్పుడు నువ్వు వాయిస్తున్నట్టుందిరా” అన్నాడు. ఆ వారం రెండు గిగ్‌లు హాయిగా సాగాయి.

తర్వాత నాలుగు రోజులు వరసగా వాన. నిన్న వైట్‌ఫీల్డ్‌లో జరిగింది మీకు ముందే చెప్పాను. ఇంటర్వెల్‌లో స్టోర్ రూమ్‌లోకి తీసుకెళ్ళి తట్టి చూస్తే శిఖరం 99 దగ్గర, దాదాపు జి మీద. నాలుగు బిళ్ళలు పీకేసి మూడో సెట్ వాయించాను.

తడి పీల్చిన చెక్క బరువెక్కుతుంది, బిగువు తగ్గుతుంది, శిఖరం దిగుతుంది. మార్చిలో బాస్ ఎందుకు బాగుందో ఇప్పుడు అర్థమైంది. అప్పుడు గదిలో తేమ 34 శాతం. నేను కొన్న రోజు ఆయన దగ్గర తీసుకున్న ఫోన్ వీడియో ఒకటి ఉంది, అందులో పలక మీద చెయ్యి తగిలిన చప్పుడు వెతికి చూస్తే 106 దగ్గర ఉంది. ఎ-ఫ్లాట్‌కీ ఎ కీ మధ్య సందులో. తేమ 65 అయ్యేసరికి 104, 85కి 102. ఈ ఊరి వాతావరణం ఏడాదిలో దాన్ని సెమీటోన్‌లో (అర స్వరంలో) సుమారు మూడింట రెండు వంతుల మేర జరుపుతోంది. ప్లైవుడ్ బాస్‌తో ఆరేళ్ళు ఇలాంటిది ఎరగను, అది ఏ కాలంలోనైనా ఒకేలా మొద్దుగా ఉండేది. అయినా ఈ స్ప్రూస్ గొంతు విన్నాక వెనక్కి వెళ్ళలేను.

ఎలక్ట్రిక్ తీసుకెళ్ళు అంటారు కొందరు. నా ఫెండర్ జాజ్ బాస్‌లో జి తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఇలాంటి చచ్చిన చోటు ఉంది, అక్కడ శక్తిని తాగేది మెడ. పైగా బాలడ్‌లో నాకు కావలసిన శబ్దం దాన్లో లేదు.

  

ఈ ఉదయం గదిలో తేమ 83. రెండు బిళ్ళలు ఉంచాను, శిఖరం 101, జి 1.9, ఎ-ఫ్లాట్ 1.7. కాబట్టి తేమని బట్టి బిళ్ళలు: 85 దగ్గర రెండు, 65 దగ్గర ఆరు, 35 దగ్గర ఏమీ వద్దు. మధ్యలో 50 దగ్గర ఎనిమిది కావాలి, అంత బరువుకి పలక మూగబోతుందేమో చూడాలి. వచ్చే నెల చెన్నైలో మూడు రోజుల పని ఉంది, సముద్రం పక్కన. మొదటి రోజు ఉదయం, మూడో రోజు రాత్రి తట్టి రాసుకుంటాను, చెక్క ఎంత త్వరగా తడి పీలుస్తుందో తెలుస్తుంది. గట్ లాంటి సింథటిక్ తీగల సెట్టు కస్టమ్స్‌తో కలిపి 30 వేలు దాటుతోంది, అది దీపావళి బోనస్ వచ్చాకే. కేసు జేబులో తేమ మీటరు, ఎనిమిది బిళ్ళలు, బ్లూ ట్యాక్ పెట్టేశాను. బుధవారం రిహార్సల్‌కి ముందు ఇంకో పదిసార్లు మీటాలి.