పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క రికార్డు కోసం 600 మిల్లీసెకన్లు: నా అనుభవం

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో 50 లక్షల రికార్డులున్న టేబుల్లోంచి ప్రైమరీ కీతో, అంటే ఒక్కో రికార్డుకీ వేరుగా ఉండే ఐడీతో, ఒక్క రికార్డు తేవడానికి ఎంత టైమ్ పడుతుందో కొలిచి చెప్పమన్నారు. అంతే పని. ఆరేళ్లుగా పోస్ట్‌గ్రెస్ మీదే ఉన్నవాణ్ణి, సాయంత్రానికి ఇచ్చేస్తానన్నాను. మూడు రోజులు పట్టింది.

టేబుల్ నింపడం, ప్రైమరీ కీ పెట్టడం (దాంతోపాటే ఇండెక్స్, అంటే ఐడీని బట్టి రికార్డును నేరుగా చూపించే సూచిక, తయారవుతుంది), టేబుల్ శుభ్రం చేసి గణాంకాలు తీసే వాక్యూమ్ అనలైజ్ నడపడం అరగంటలో అయిపోయాయి. గొడవంతా క్వెరీ దగ్గర వచ్చింది.

ఒకే ఐడీని పదేపదే అడిగితే అవే పేజీలు (డేటాను దాచే ముక్కలు) మెమరీలోంచి వచ్చేస్తాయి, దాన్ని కొలత అనలేం. ప్రతిసారీ వేరే ఐడీ రావాలని ఏ రికార్డు కావాలో చెప్పే వేర్ కండిషన్‌లోనే, 0కీ 1కీ మధ్య ఏదో ఒక సంఖ్య ఇచ్చే రాండమ్ ఫంక్షన్ పెట్టి, 50 లక్షలతో గుణించి ఇంటీజర్‌గా మార్చాను. నడిపితే 600 మిల్లీసెకన్లు. మళ్లీ నడిపాను, 610.

మర్నాడు మీటింగ్‌లో ఆ అంకే చూపించాల్సి వచ్చింది. “ఏం బాబూ, ఇండెక్స్ వేశానన్నావ్ కదా?” అని మా సీనియర్ పన్నెండు మంది ముందు అడిగారు. నోట మాట రాలేదు. ఇంకో ఆయన “పోస్ట్‌గ్రెస్ ఇంతేనండీ, పెద్ద సర్వర్ తీసుకుందాం” అని తేల్చేశారు. అక్కడికక్కడే కొటేషన్ తెప్పించమన్నారు. క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతోందో తెలిపే ప్లాన్ ఏం చెబుతోందని ఒక్కరూ అడగలేదు. లక్షలు పెట్టి మెషిన్ కొనే ముందు ఆ ప్లాన్ చూపించే ఎక్స్‌ప్లెయిన్ కమాండ్ ఒక్కసారి చూడాలని తోచనివాళ్లు నిర్ణయాలు తీసుకుంటుంటే నిజంగా బాధేస్తుంది. నేనూ చూడలేదు, అది ఇంకా పెద్ద బాధ.

ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇండెక్స్ తీసేసి మళ్లీ కట్టాను. షేర్డ్ బఫర్స్‌ని (పోస్ట్‌గ్రెస్ పేజీలు దాచుకునే మెమరీ) డీఫాల్ట్‌గా ఉన్న 128 ఎంబీ నుంచి 2 జీబీకి పెంచి రీస్టార్ట్ చేశాను. అదే 600.

పదకొండింటికి అనుకుంటా, టైమ్ పక్కన పెట్టి మొదటిసారి రిజల్ట్ వైపు చూశాను. రెండు రికార్డులు! ప్రైమరీ కీ మీద సమానం అని అడిగితే రెండు ఎలా వస్తాయి? మళ్లీ నడిపితే ఒక్కటీ లేదు. ఇంకోసారి నడిపితే ఒకటి. అప్పుడు గానీ, క్వెరీని నిజంగా నడిపి ప్లాన్ చూపించే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ కొట్టలేదు. పై లైనులోనే సీక్వెన్షియల్ స్కాన్, అంటే ఇండెక్స్ వదిలేసి టేబుల్ మొత్తం చదవడం. కింద ఫిల్టర్‌లో నా రాండమ్. దాని కింద, ఫిల్టర్‌లో పోయిన రికార్డులు 49,99,999.

రాండమ్ అనేది వొలటైల్ ఫంక్షన్. పిలిచిన ప్రతిసారీ విలువ మారుతుంది కాబట్టి పోస్ట్‌గ్రెస్ దాన్ని ప్రతి రికార్డు దగ్గరా కొత్తగా పిలుస్తుంది. ఇంటింటికీ వెళ్లి, ప్రతి గుమ్మం ముందూ కొత్త చీటీ తీసి “ఈ నంబర్ మీదేనా?” అని అడిగినట్టు. ఇండెక్స్‌లో వెతకాలంటే ముందు ఒక స్థిరమైన విలువ చేతిలో ఉండాలి. నా క్వెరీలో అది లేదు. ఇప్పటి టైమ్ ఇచ్చే నౌ ఫంక్షన్‌తో ఈ తంటా ఉండదు, అది స్టేబుల్ రకం, ఒక క్వెరీ నడిచినంతసేపూ విలువ మారదు.

రాండమ్‌ను చిన్న సబ్‌క్వెరీలో (క్వెరీ లోపల క్వెరీ) పెట్టాను. ఇప్పుడు విలువ ఒక్కసారే లెక్క కడుతుంది. ఇండెక్స్ స్కాన్, 0.03 మిల్లీసెకన్లు. ఎక్స్‌ప్లెయిన్‌కి బఫర్స్ ఆప్షన్ పెట్టి చూస్తే తాకిన పేజీలు నాలుగే: ఇండెక్స్‌ను చెట్టులా అమర్చే బీ-ట్రీలో పైనుంచి కిందికి మూడు, టేబుల్లో ఒకటి. ఒక్కో పేజీ 8 కేబీ. 50 లక్షల్లోంచి ఒకదాన్ని పట్టుకోవడానికి 32 కేబీ చదివితే చాలు! ఆ లైను ఎన్నిసార్లు చదువుకున్నానో.

తర్వాత పోస్ట్‌గ్రెస్ వేగం కొలిచే పీజీబెంచ్ అనే టూల్‌లో ఐడీని వేరియబుల్‌గా ఇచ్చి, క్వెరీని ముందే సిద్ధం చేసుకునే ప్రిపేర్డ్ మోడ్‌లో 60 సెకన్లు నడిపాను, ఏ ఇబ్బందీ రాలేదు. దాన్ని మాత్రం సర్వర్ మీదే నడపండి. నా ల్యాప్‌టాప్ నుంచి వీపీఎన్ మీద అదే క్వెరీకి 28 మిల్లీసెకన్లు వచ్చాయి, పింగ్ చేస్తే అందులో 27 దారి ఖర్చే. ఇంకోటి, కొలిచేటప్పుడు ఎన్ని రికార్డులు వచ్చాయో కూడా రాసుకోండి. నేను మొదటి రోజే రాసుకుని ఉంటే ఆ మీటింగ్‌లో తల దించుకునేవాణ్ణి కాదు.

ఇవాళ మధ్యాహ్నం రెండు ప్లాన్లూ పక్కపక్కన పెట్టి అందరికీ మెయిల్ చేశాను. సాయంత్రానికి సర్వర్ కొటేషన్ ఆపేయమని మెయిల్ వచ్చింది. అందులో నా పేరు ఎక్కడా లేదు.