పంపు ఆగిన మరుక్షణం

చిత్తూరు, కడప జిల్లాల నుంచి కువైట్‌కు వచ్చినవారిలో ఎక్కువమంది ఇళ్ళలో వంటపనికో, డ్రైవర్లుగానో, కట్టడాల పనికో కుదురుకుంటారు. నాలాగా సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే ప్లాంటులో మెకానికల్ మెయింటెనెన్స్‌కు వచ్చినవారు కొద్దిమందే. నది అన్నదే లేని ఈ దేశంలో తాగునీటిలో అత్యధిక భాగం సముద్రం నుంచే రావాలి కాబట్టి ఇక్కడ పంపు ఆగితే అందరూ పరుగెత్తుతారు. ఆ పంపు ఆగిన అర సెకనులో దాని డెలివరీ లైనులో, అంటే నీరు బయటికి పోయే పైపులో, నీటిని ఒకే దిశలో పోనిచ్చే చెక్ వాల్వు ఏం చేసిందన్నదాన్ని బట్టి మాత్రం మా మరమ్మతు ఒక పూటలో ముగుస్తుందా, వారాలు పడుతుందా అన్నది తేలుతుంది. మన వైపు నాన్ రిటర్న్ వాల్వు, పొట్టిగా ఎన్‌ఆర్‌వీ అని పిలిచే ఈ వస్తువును కొనేటప్పుడు అందరూ ముందుగా చెప్పేది పైపు సైజు. నా లెక్కలో ఎంపికకు అన్నిటికంటే తక్కువ పనికివచ్చే వివరం అదే.

చెక్ వాల్వుకు హ్యాండిల్ ఉండదు, కరెంటు అక్కరలేదు. వచ్చేవైపు ఒత్తిడి పోయేవైపు కంటే కాస్త ఎక్కువైతే లోపలి డిస్కు లేస్తుంది. ప్రవాహం తగ్గినప్పుడు తన బరువు వల్లనో, స్ప్రింగు వల్లనో, వెనక్కి మళ్ళిన నీటి తోపు వల్లనో తిరిగి సీటు మీద కూర్చొని దారి మూస్తుంది. అది కూర్చోకపోతే ఏమవుతుందో చిత్తూరు జిల్లాలో వెయ్యి అడుగుల బోరు వేయించుకున్న రైతుకు తెలుసు. కరెంటు పోగానే దాదాపు 300 మీటర్ల నీటి స్తంభం, అంటే అడుగున సుమారు 30 బార్ల ఒత్తిడి, పంపులోంచి కిందికి జారుతూ దాన్ని వెనక్కి తిప్పుతుంది. అది అలా తిరుగుతుండగానే కరెంటు వచ్చి ఆటో స్టార్టరు మోటారును ముందుకు లాగితే షాఫ్టో, కప్లింగో తెగుతుంది. మోటారు కాలిపోయిందని మెకానిక్కును పిలిచేవారే తప్ప, పైనున్న ఎన్‌ఆర్‌వీ పట్టలేదేమోనని చూసేవారు అరుదు.

ప్లాంటులో ఇదే ప్రమాదం మరింత వేగంగా వస్తుంది. అనేక పంపులు ఒకే హెడరులోకి, అంటే ఉమ్మడి పెద్ద పైపులోకి, నీటిని తోస్తున్నప్పుడు వాటిలో ఒకటి ట్రిప్ అయితే, మిగిలినవి నెట్టే నీరు దగ్గరి దారి వెతుక్కొని ఆగిపోయిన పంపులోకే మళ్ళుతుంది. కొండ మీది ట్యాంకుకు ఎక్కే ఒంటరి పైపులో నీరు నెమ్మదించడానికి కొంత సమయం తీసుకుంటుంది కానీ, ఇక్కడ అది సెకనులో కొద్ది భాగంలోనే దిశ మార్చుకుంటుంది. మామూలు స్వింగ్ చెక్ వాల్వులో డిస్కు పైనున్న కీలు మీద వేలాడుతూ చాలా దూరం తిరగాలి. అది సీటును చేరేలోగానే నీరు వెనక్కి వేగం అందుకుంటుంది కనుక, గాలికి తలుపు కొట్టుకున్నట్టు డిస్కు దబాలున పడుతుంది. ఆ దెబ్బ ఎంతటిదో లెక్కకట్టే సూత్రాన్ని రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ 1898లో ప్రచురించాడు: ద్రవం సాంద్రతను, పైపులో ఒత్తిడి తరంగం ప్రయాణించే వేగాన్ని, హఠాత్తుగా ఆగిన ప్రవాహ వేగాన్ని గుణిస్తే పెరిగిన ఒత్తిడి వస్తుంది. ఉక్కు పైపులో తరంగ వేగం సెకనుకు సుమారు 1000 నుంచి 1200 మీటర్లు ఉంటుంది కాబట్టి, సెకనుకు ఒక్క మీటరు వేగంతో వెనక్కి వస్తున్న నీటిని ఆపినా 10 నుంచి 12 బార్లు అదనంగా పడతాయి. 6 బార్ల లైనుకు అది చిన్న దెబ్బ కాదు.

ఒక రాత్రి షిఫ్టులో అలాంటి చప్పుడు విన్న తరువాత, పర్మిట్ తీసుకొని, బ్రేకరుకు తాళం వేసి, ఆ స్వింగ్ వాల్వును విప్పి బల్ల మీద పెట్టాము. నాతో ఉన్న మలయాళీ ఫిట్టరు మాట్లాడకుండా హింజ్ పిన్నును, అంటే డిస్కు వేలాడే కీలు పిన్నును, తీసి నా చేతిలో పెట్టాడు. గుండ్రంగా ఉండవలసిన పిన్ను ఒకవైపు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది, డిస్కు అంచున తగిలిన మచ్చలు వరుసగా ఉన్నాయి. ఆ అరుగుదల దెబ్బల వల్ల వచ్చింది కాదు. పైపు వ్యాసానికి సరిపడా పెద్ద వాల్వు పెట్టారు గాని, అందులో పారే నీరు డిస్కును పూర్తిగా ఎత్తి స్టాపు మీద నిలబెట్టేంత లేదు. సగం లేచిన డిస్కు రేయింబవళ్ళు ఊగుతూ తన పిన్నును తానే తినేసింది. దానికి తోడు, పైపు వంపుకు ఆనుకొనే బిగించడంతో సుడి తిరుగుతూ వచ్చిన నీరు ఆ ఊపును పెంచింది. పంపుకు గాని, వంపుకు గాని తరువాత కనీసం ఐదు వ్యాసాల పొడవు తిన్నని పైపు ఉండాలన్న నియమాన్ని డ్రాయింగులో స్థలం లేదని పక్కన పెడతారు.

అందుకే ఎంపిక పైపు దగ్గర కాక ప్రవాహం దగ్గర మొదలవ్వాలి. రోజువారీ కనిష్ఠ ప్రవాహంలో కూడా డిస్కు పూర్తిగా తెరుచుకుంటుందా అన్నది మొదటి ప్రశ్న. అవసరమైతే పైపు సైజును తగ్గించే రెడ్యూసరు పెట్టి పైపు కంటే చిన్న వాల్వు వాడటంలో తప్పు లేదు. పంపు ఆగితే నీరు ఎంత త్వరగా వెనక్కి మళ్ళుతుందన్నది రెండవది. నిదానంగా మళ్ళే లైనులో స్వింగ్ వాల్వు చవకగా, తక్కువ ఒత్తిడి నష్టంతో పని చేస్తుంది. అనేక పంపులు కలిసే చోట రెండు రెక్కలు, స్ప్రింగు ఉన్న డ్యూయల్ ప్లేట్ మెరుగు. అదీ చాలకపోతే నాజిల్ చెక్ వాల్వు, ఖరీదు ఎక్కువైనా, డిస్కు కదిలే దూరం అతి స్వల్పం కనుక ప్రవాహం మళ్ళకముందే మూసుకుంటుంది. పిస్టన్ కంప్రెసరు తరువాత మాత్రం స్వింగ్ వాల్వు ఎన్నడూ పెట్టరాదు. గాలి తోపులకు అది టకటకలాడి చెడిపోతుంది.

ఉప్పునీటిలో లోహం సంగతి వేరు. 316 స్టెయిన్‌లెస్ స్టీలుకు గాస్కెట్ల కింద, సందుల్లో గుంటలు పడతాయి కనుక ఉప్పును ఇంకా బాగా తట్టుకొనే సూపర్ డ్యూప్లెక్స్ స్టీలు అడుగుతాము. బాడీ లోహాన్ని పట్టుబట్టి రాయించుకున్నవారు కూడా స్ప్రింగు లోహాన్ని అడగడం మరచిపోతుంటారు, వాల్వులో ముందుగా తెగేది అదే అయినప్పటికీ.

కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా బయట ఎండలో పని నిషేధం. అవే నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకు తీరిక ఉండదు. అలాంటి ఒక ఫ్యాక్టరీలో బాయిలరు చూసుకునే మా చిన్నాన్న కొడుకు నా మధ్యాహ్న విరామం చూసుకొని ఫోను చేస్తాడు. ఫీడ్ లైను ఎన్‌ఆర్‌వీ మార్చాలని, అంటే బాయిలరుకు నీరు పంపే పైపులోని వాల్వు మార్చాలని, అంటే నేను వివరాలు అడిగాను. “పైపు రెండంగుళాలు, వాల్వు రెండంగుళాలు. ఇంకేం కావాలన్నా?” అన్నాడు.

బాయిలరు 10 బార్ల మీద నడిస్తే అందులోని నీరు సుమారు 184 డిగ్రీల వేడి మీద ఉంటుంది, కాబట్టి రబ్బరు సీటు పనికిరాదు, లోహపు సీటే కావాలి. డిస్కు నిటారుగా పైకి లేచే లిఫ్ట్ రకమైతే అడ్డంగా ఉన్న పైపులో, మూత పైకి ఉండేలా బిగించాలి. భారత బాయిలరు నిబంధనల (ఐబీఆర్) ఫారం 3-సి ధ్రువపత్రం లేనిదాన్ని తీసుకోకూడదు. పాతది నిజంగా పోయిందో లేదో ముందు తేల్చుకొమ్మని కూడా చెప్పాను. ఫీడ్ పంపు ఆగి కాసేపైన తరువాత, పంపుకు, వాల్వుకు మధ్యనున్న పైపు దగ్గర చెయ్యి పెట్టి చూడాలి, తాకకుండానే. అది సెగలు కక్కుతుంటే వాల్వు పట్టడం లేదని, బాయిలరు నీరు వెనక్కి కారుతోందని అర్థం. ఆ వేడి నీరు ఒత్తిడి తక్కువున్న పంపులోకి చేరి ఆవిరైతే, పంపు తిరుగుతూనే ఉంటుంది గాని నీళ్ళు ఎత్తదు. వారం రోజులుగా పంపు అలాగే చేస్తోందని, పంపులో నీటిని తోసే చక్రం, ఇంపెల్లరు, అరిగిందనుకొని కొత్తది ఆర్డరు పెట్టేశామని మావాడు అప్పుడు చెప్పాడు.